నా పొగకు అక్క పోసిన నీళ్ళు

మా ఫ్యాక్టరీ మొత్తంలో నా అంత పాపాత్ముడు లేడని తేలిన రోజు క్యాంటీనులో పాయసం పెట్టినారు. ఆ రోజు ఆయుధపూజ కాబట్టి పెట్టినారు గానీ, నాకు మాత్రం అది నా గౌరవార్థం కాచినట్టే అనిపించింది.

హోసూరులో లారీలకి గేర్లు చేసే కంపెనీ మాది. ఆ గేర్లు దేశంలో యాడ గరగరమన్నా ఆడికి నేను పోవాల. పోయి, చెవి పెట్టి విని, తప్పు గేరుది కాదు మీ డ్రైవరుదని చెప్పి, వాళ్ళు పెట్టిన భోజనం తిని రావాల. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇదే పని. ముందు బెంగళూరు విమానాశ్రయం దాకా కారు. ఆ మహానగరానికి ఈ కొసన మేము, ఆ కొసన అది. కారెక్కేటప్పుడు నున్నగా గీసుకున్న గడ్డం దిగేటప్పటికి మళ్ళీ మొలిచి, గుర్తింపు కార్డులో మొహంతో కలవక, గేటు కాడ పోలీసాయన నన్ను అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఆపైన విమానం. దిగినాక ఇంకో కారు.

ఇంత పొగ వదిలితే భూమి ఊరుకోదని కంపెనీకి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. పొగ లెక్క కట్టేకి ఒక ఆఫీసరును పెట్టినారు. ఆయన అంతకుముందు స్టోర్సులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టేవాడు. నా వయసువాడే, కలిసి టీ తాగే మనిషే. నట్టుని లెక్కపెట్టిన కండ్లతోనే పొగనూ లెక్కపెట్టినాడు. ఇంట్లో పొగ కూడా వదల్లేదు. ఏసీ ఎంతసేపు వేస్తారు, గ్యాసు ఎన్నాళ్ళొస్తుంది, స్నానాలకి నీళ్ళు దేనిమీద కాస్తారు అని మా ఆవిడకు ఫోను చేసి అడిగినాడు. "సంగటి గెలికేది కూడా చెప్పాల్నా అన్నా?" అని ఆమె ఎత్తిపొడిస్తే, "అది గ్యాసు కిందికే వస్తుంది లేమ్మా" అని రాసుకున్నాడంట.

ఆయుధపూజ రోజు యంత్రాలకి బొట్లు పెట్టినాక, గోడ మీద తెర కట్టి అందరి పొగనూ గీతలుగా చూపించినారు. తక్కినవాళ్ళది గడ్డిపరకల మాదిరి నిలబడితే నాది కృష్ణగిరి కొండ మాదిరి లేచి, తెర చాలక పైకప్పు మీదికి పాకింది. నా పొగ దెబ్బకే హోసూరు కాకులు దారి తప్పి, కర్ణాటకలోకి పోయి ఆడ కన్నడంలో అరుస్తా ఉండాయని వెనక ఎవరో అన్నారు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. పాయసం రెండో గ్లాసు తాగినాను.

పరిహారం మొక్కలు. ఎవరి పొగకి తగ్గట్టు వాళ్ళకి మొక్కలు నాటి, ఒక్కోదానికి ఒక అల్యూమినియం రేకు మీద ఆ మనిషి పేరు చెక్కి కడతామన్నారు. మామూలు మనుషులకి ఒకటో రెండో. నాకు ఒక వరస వరసే. స్థలం అంచెట్టి అవతల, కావేరి దిక్కుకి దిగే కొండవాలులో దొరికింది. తీరా చూస్తే అది మా అక్కని ఇచ్చిన ఊరు. బస్సు వచ్చిందంటే కుక్కలు కూడా లేచి నిలబడి మర్యాద చేసే ఊరు. మా బావ పోయినాక అక్క ఆడనే, ఒక ఆవునూ చారెడు రాగిచేనునూ పట్టుకొని ఒక్కతే ఉండింది. హోసూరికి రమ్మంటే, "మీ ఊర్లో తుమ్మితే పక్కింటి గోడకి తగులుతుంది" అనేది.

నా పాపానికి మొక్కలు నాటిన పొద్దు నేను విమానంలో ఉండినాను. పూనాలో ఒక గేరు గరగరమన్నది.

ఈడ మా ఇండ్లల్లో ఒక పద్ధతి చెప్పాల. ఎవరికైనా జ్వరం దిగకపోయినా, మంచం పట్టి లేవకపోయినా, ఆ మనిషి పేరు చెప్పి చేను గట్టున ఒక మొక్క నాటుతారు. ఆ ఇంటి ఆడమనిషే తన చేత్తో నీళ్ళు పోయాల. మొక్క బతికితే మనిషి బతుకుతాడు. మేక నోటికి అందనంత ఎత్తు పెరిగితే మొక్కు తీరినట్టు, ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోరు. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే ఒక కానుగ మొక్క నాటినారు. అప్పుడు దానికి నీళ్ళు పోసింది కూడా అక్కే. ఆ కాలంలో నేను ఎంత బక్కగా ఉండినానంటే, ఊర్లో వాళ్ళు ముందు మొక్కని పలకరించి, ఆ తర్వాత నన్ను పలకరించేవాళ్ళంట.

కంపెనీ తోలిన కూలోళ్ళు కొండవాలులో గుంతలు తీస్తా ఉంటే అక్క వాళ్ళకి మజ్జిగ పట్టుకొని పోయింది. మొక్కలకి కట్టిన రేకుల మీద ఏముందని అడిగింది. పేర్లు, ఫ్యాక్టరీలో మనుషుల పేర్లని చెప్పినారు. చదవమనింది. ఒకాయన చదువుకుంటా పోయినాడు. నా పేరు వచ్చింది. దాని పక్కన మళ్ళీ నా పేరే. దాని పక్కనా నేనే. అక్క మజ్జిగ చెంబు కింద పెట్టేసిందంట.

ఇదేమీ నాకు ఎండాకాలం దాకా తెలీదు.

ఎండాకాలంలో నా గుండెలో ఒక నరం మూసుకొనింది. ఆఫీసు మెట్ల మీద పడినాను. పడిన చప్పుడుకి మూడో అంతస్తులో కంప్యూటర్లు ఆగిపోయినాయని చెప్పుకున్నారు గానీ, నిజానికి ఎవరికీ వినపడలేదు. చాలాసేపటికి తుడిచే ఆమె చూసింది. ఆసుపత్రిలో బాల్‌పెన్ను లోపల ఉండే స్ప్రింగు లాంటిదాన్ని తొడ దగ్గర నుంచి గుండెలోకి తోసి, ఇంక బతకమన్నారు. చుట్టాలందరూ వచ్చినారు. వాళ్ళు తెచ్చిన దానిమ్మపండ్లు మంచం కింద పట్టక, వార్డు దాటి, లిఫ్టు దాకా వరస కట్టినాయి. అక్క రాలేదు.

"ఆవుకి దగ్గొస్తే మూడు బస్సులు మారి వెటర్నరీకి పోతాది మా వదిన. తమ్ముడికి గుండె ఆగితే మాత్రం తీరిక లేదు" అనింది మా ఆవిడ. అక్క మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు.

కారు తోలొద్దన్నారు కాబట్టి, కాస్త లేచి తిరిగేటప్పటికి డెంకణికోట మీదుగా బస్సులో పోయినాను. మంచి ఎండ. ఊరి బయట చేతిబోరు కాడ బిందెల వరస ఉండాది గానీ మనుషులు లేరు. ఒక బిందె నిండేకి అంతసేపు పడుతుందని, బిందెలను నిలబెట్టి మనుషులు నీడకి పోయినారు. అక్క మాత్రం పిడి పట్టుకొని కొడతా ఉండాది. నేను ఆమెను వెనక నుంచి గుర్తు పట్టలేదు. అక్క వంటి మీద నుంచి ఎవరో సగం మనిషిని తీసుకొని పోయినట్టు ఉండింది.

ఇంటికి పోయినాము. కొట్టం ఖాళీగా ఉండాది.

"ఆవు యాడక్కా?"

"పక్కింటోళ్ళకి తోలినాను. వాళ్ళకి మనుషులుండారు నీళ్ళు మోసేకి."

"నేను ఆసుపత్రిలో పడుంటే నువ్వు రాలేదు. చచ్చినాడో ఉండాడో అని కూడా చూడలేదు."

అక్క నా మొహం చూసింది. కోపంగా కాదు, బిడ్డకి తెలీదులే అన్నట్టు.

"నువ్వు ఉండేదే నేను రాకపోబట్టి. నేను వచ్చింటే ఈడ నీళ్ళెవురు పోసేది?"

అప్పుడు చెప్పింది అంతా. వానలు ఆగినాక నీళ్ళు పోసేకి కంపెనీ మనుషులు రాలేదు. ఒక్కొక్క మొక్కా ఎండతా వచ్చింది. నా వరసకి తాను బిందెతో మోయడం మొదలుపెట్టింది. తన వంతు నీళ్ళు చాలక ఆవు తాగే నీళ్ళు, అవీ చాలక తాను తాగేవి. ఎంత మోసినా వరసలో ఒకటి తర్వాత ఒకటి పోయినాయి.

"అంతమందికీ ఒకే తూరి ఏం జబ్బప్పా వచ్చింది? ఆ ఫ్యాక్టరీ గాలి మంచిది కాదని నేను అప్పుడే అనుకుంటి. తక్కినోళ్ళకి ఒకటో రెండో నాటినారు. నీకైతే వరసే కట్టినారు. ఒక్క చెట్టుతో తీరేదైతే అన్ని ఎందుకు నాటతారు? నాకు చెప్తే బేజారు పడతానని దాచినావు."

నాకు నవ్వు వచ్చింది. గుండెలో స్ప్రింగు కూడా నాతోపాటు నవ్వినట్టు కదిలింది.

"అది జబ్బుకి కాదక్కా, పొగకి. నేను విమానంలో తిరుగుతాను గదా, దానికి పొగ వస్తుంది. ఆ పొగను ఈ చెట్లు తాగేస్తాయి. అంతే."

"విమానం యాడ, చెట్టు యాడ."

"గాలంతా ఒకటే గదా."

"ఒకటే అయితే నీ పేరెందుకు కట్టినారు? పొగకి పేరుంటుందా?"

దేశమంతా తిరిగి గేర్ల తరఫున వాదించి గెలిచినవాణ్ణి. దీంట్లో మాత్రం తప్పు డ్రైవరు మీదికి తోసేకి లేదు. అక్కే మళ్ళీ అనింది: "పొగ అనుకో, ఇంకోటి అనుకో. అన్నీ పోయి ఒక్కటి మిగిలినప్పుడు గదా నీకు గుండె ఆగింది."

ఇద్దరం కొండవాలు ఎక్కినాము. నేను మూడు చోట్ల కూర్చున్నాను, అక్క బిందెతో నిలబడి నా కోసం చూసింది. పైన ఎండిన పుల్లలు, పుల్లకొక రేకు. గాలికి ఆ రేకులు పుల్లలకి తగులుతా టిక్కు టిక్కుమంటా ఉండాయి. మా ఆఫీసు మొత్తం ఆడ వరసగా చచ్చిపడి ఉండాది. మా క్యాషియరు, మా క్యాంటీను మేనేజరు, నట్లు లెక్కపెట్టే మా ఆఫీసరు. నా వరస కాడికి పోతే ప్రతి పుల్ల మీదా నేనే. ఇన్నిసార్లు చచ్చినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

చివరిది మాత్రం బతికి ఉండాది. నేరేడు మొక్క. మోకాలెత్తు, నాలుగు ఆకులు మెరస్తా ఉండాయి. చుట్టూ అక్క ముళ్ళకంప తెచ్చి గుండ్రంగా కట్టింది. బిందెలో నీళ్ళు మెల్లగా పోసి, అడుగున మిగిలినవి పక్కనున్న ఎండు పుల్లకి పోసింది. అది మా అకౌంట్సులో ఆమెది.

"ఇది చచ్చిపోయింది గదక్కా."

"పోతే పోనీ. ఆ యమ్మ అక్కచెల్లెండ్లు యాడుండారో, వాళ్ళకి తెలుసునో లేదో."

హోసూరికి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. వాన పడాల, మొక్క మేక నోటికి అందనంత కావాల, అప్పుడు వస్తానంది. నేను ఫ్యాక్టరీకి వచ్చి ఆఫీసరును పట్టుకున్నాను.

"ఆడ అన్నీ ఎండిపోయినాయప్పా. నీళ్ళు తోలించు."

"నీళ్ళ కాంట్రాక్టు వానలప్పుడే అయిపాయె గదన్నా."

"వానలప్పుడు నీళ్ళెందుకు?"

"కాంట్రాక్టు అట్ల ఉంది. నువ్వు దిగులు పడొద్దు. నాటిన పొద్దే లెక్కలో నీ పొగ కొట్టేసినాము. చెట్టు పోయినా పొగ తిరిగి రాదు."

నాకు తెలిసి, నాటిన పొద్దే కాపు కోసుకున్న రైతు ఇతనొక్కడే.

జూన్‌లో పర్యావరణ దినం వచ్చింది. మా మేనేజింగ్ డైరెక్టరు పెద్దాయన, మంచి మనిషి, తన చెట్టును చూడాలనుకున్నాడు. ఆయన చెట్టు మార్గశిరంలోనే పోయిందని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఊరివాళ్ళతో మాట్లాడేకి నన్నూ తీసుకొనిపోయినారు. మాకంటే ముందే మా ఆఫీసరు పైకి ఎక్కినాడు. నేను రొప్పుకుంటా పైకి చేరేటప్పటికి, పచ్చగా ఉన్న ఒకే ఒక్క మొక్క నుంచి నా రేకు తీసేసి, పెద్దాయన రేకు కట్టినాడు. ముళ్ళకంప ఫోటోలో బాగుండదని లాగి వాలులోకి పారేసినారు.

"అది నాది గదప్పా" అన్నాను.

"ఒక్క ఫోటో అన్నా. అయినాక మళ్ళీ మార్చేస్తా."

కింద బండ మీద నుంచి అక్క చూస్తా ఉండాది. చదవడం రాకపోయినా నా రేకు ఆమెకి తెలుసు. పెద్దాయన మొక్క కాడ చేతులు కట్టుకొని నిలబడినాడు. ఫోటో తీసేవాళ్ళు ఎంతమంది వచ్చినారంటే, వాళ్ళ నీడకి ఆ కాసేపు కొండ చల్లబడింది. దిగేటప్పుడు పెద్దాయన అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, బాగుందమ్మా అని తమిళంలో చెప్పినాడు. అక్క ఆయన్ని తల నుంచి కాలి దాకా చూసి, నన్ను అడిగింది.

"ఈయన జబ్బు మనిషా?"

"కాదక్కా. గట్టిగా ఉండాడు."

"మరి నీదెందుకు ఎత్తుకున్నాడు?"

"మళ్ళీ మారుస్తారంట."

వానమబ్బు కనిపించిందని అందరూ గబగబా బండ్లు ఎక్కినారు. వాన పడలేదు. రేకు మార్చలేదు. నన్నూ ఆ బండ్లలోనే ఎక్కించుకొని వచ్చినారు.

మర్నాడు పొద్దున్నే అక్క కొత్తగా ముళ్ళకంప కొట్టుకొని, మోపు నెత్తిన పెట్టుకొని కొండవాలు ఎక్కింది. చేతిలో వంటింటి కత్తి, పెద్దాయన రేకు తీసేకి. ఎండకి గులకరాళ్ళు వదులై ఉండాయి. కాలు జారింది. మోపుతో పాటు దొర్లి, ముళ్ళ మీద పడి, ఆడనే ఉండిపోయింది. మేకలు తోలుకొని వచ్చినోళ్ళు చూసి, మంచం మీద మోసుకొని రోడ్డు దాకా తెచ్చినారు. ఆమెను ఎత్తుకొని దిగేవాళ్ళు దిగతా ఉంటే, మేకలు పైనే ఉండినాయి.

కృష్ణగిరి పెద్దాసుపత్రిలో తుంటి ఎముక విరిగిందని కడ్డీ వేసినారు. ముళ్ళు తీసేకే నర్సమ్మకి ఒక పూట పట్టింది. ఈ మాటలో నేను కలిపింది ఏమీ లేదు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంట్లో పట్టుకొని నడిస్తే నడుస్తుందేమో, కొండలూ చేలూ మరిచిపోవాలన్నాడు. హోసూరికి తెచ్చి, మా ముందుగదిలో మంచం వేసినాము. ఊరిలో ఉన్నప్పుడు కొండను చూసేది. ఈడ ఆమె కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ.

పొద్దున్నే కండ్లు తెరిస్తే మొదటి మాట, "దానికి నీళ్ళు పోసినారా?"

మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "ఉందని చెప్పండి. మీ నోట అబద్ధం రాదా ఏం" అనింది. వస్తుంది. నా నోట అబద్ధమే సాఫీగా వస్తుంది. ఉందనే చెప్పుకుంటా వచ్చినాను. అక్క ఆ మాట విని, ఆ పూటకి రెండు ముద్దలు ఎక్కువ తినేది.

అక్క ఇల్లు మూసి రావాలని ఒక ఆదివారం పోయినాను. కొండవాలు కూడా ఎక్కినాను. మొక్క లేదు. మేకలు కొరికిన మోడు, జానెడు కూడా లేదు, ఎండి ఉండాది. దానికి పెద్దాయన రేకు భద్రంగా ఉండాది.

ఆ రాత్రి అక్క మొహం చూస్తే ఇంక దాచబుద్ధి కాలేదు. పైగా నాకు ఇంకో ఆలోచన వచ్చింది. నిజం చెప్తే ఆమె పిచ్చి పోతుందనుకున్నాను. మర్నాడు ఇడ్లీ తట్ట పట్టుకొని మంచం కాడ కూర్చున్నాను.

"అక్కా, ఆ చెట్టు పోయింది. నువ్వు పడిన పొద్దే మేకలు తినేసినాయి. పోయి ఎన్నాళ్ళయిందో చూడు. నేను ఈడనే కూర్చొని ఇడ్లీ తింటా ఉండా. ఇంక ఆ దిగులు వదిలేయి."

అక్క నా చెయ్యి పట్టుకొని, మణికట్టు కాడ వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత దుప్పటి కింద ఉన్న తన కాలి దిక్కు చూసింది.

"ఊరికే పోతుందా అది. నీకు బదులు నా కాలు పట్టుకొని పోయింది."

"అది కాదక్కా..."

"పోనీలేప్పా. కాలే గదా. నువ్వు తిను, చల్లారిపోతుంది."

కోత అయిపోయి, రాగులు ఇంట్లో పోసుకున్న పొద్దు ఎట్లుంటుందో అట్ల ఉండింది ఆమె మొహం. ఆ పొద్దు నుంచి చెట్టు మాట ఎత్తలేదు. నన్ను చూసినప్పుడల్లా తనలో తాను తల ఆడించుకునేది, మంచి బేరమే జరిగింది అన్నట్టు. ఆ కాలు దేనికీ కాకుండా, ఒక ఫోటో కోసం పోయిందని నేను ఆమెకి రుజువు చేయగలను. ఇప్పటి దాకా చేయలేదు.

వానలు పడినాక మా ఆఫీసరు ఫోను చేసినాడు. నేను అంచెట్టికీ కృష్ణగిరికీ తిరిగిన తిరుగుడంతా కలిపితే ఈ తూరి కూడా ఫ్యాక్టరీలో నేనే మొదటివాణ్ణంట. ముందటి కంటే పెద్ద వరస పడిందంట.

"నా పేరు వద్దప్పా" అన్నాను. "రేకు మీద ఏదైనా నంబరు కొట్టుకో."

"రేకులు అయిపోయినాయన్నా, చెక్కించేసినాము. మంచి మొక్కలు, చూస్తే నువ్వే మెచ్చుకుంటావు."

ఫోను పెట్టేసినాను. ముందుగదిలో అక్క అంతా వినింది.

"మళ్ళీ నాటతారంటనా?"

"ఊ."

"ఏ ఊర్లో?"

"అత్తిముగం దిక్కు."

అక్క కండ్లు మూసుకొని, ఆ దిక్కు ఊర్లలో మన ఇంటి ఆడబిడ్డలను ఎవరినైనా ఇచ్చినామా అని ఒక్కో ఊరే తలుచుకుంటా పోయింది. పెదాలు కదలతా ఉండాయి.

"ఆడ మనోళ్ళు ఎవురూ లేరు గదప్పా."

"లేరక్కా."

"నీళ్ళెవురు పోస్తారు మరి?"

మా ఆవిడ అప్పుడే అక్కకి కాఫీ తెచ్చి గడపలో నిలబడింది. అక్క కాసేపు ఆలోచించి, తల తిప్పి, మెల్లగా ఆమె కాళ్ళ దిక్కు చూసింది.